చీనా లిపిచిహ్నాలు, నానుళ్లు: స్మృతికథల ద్వారా అభ్యసనం – తెలుగు అభ్యాసకుని వైపు నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

చీనా లిపిచిహ్నాలను, ఆ భాషలోని నాలుగక్షరాల నానుళ్లను కథల సాయంతో గుర్తుంచుకునే పద్ధతి ఇంగ్లీషు పుస్తకాల ద్వారా మన విద్యార్థులకు చేరింది. లిపిచిహ్నం గురించి చెప్పే కథకూ, నానుడి వెనుక ఉన్న కథకూ మధ్య ఉన్న తేడాను బోధనలో తరచు విస్మరిస్తున్నారు. మొదటిది ఎక్కువగా జ్ఞాపకం కోసం అల్లిన కల్పన. రెండవది ఆ నానుడికి మూలం, ప్రాచీన గ్రంథాలలో ఆధారం ఉన్నది. ఈ తేడాను వివరించి, రెండింటి అభ్యసనానికి తెలుగులోని లౌకికన్యాయాలు, వైద్యపదజాలం, గౌరవవాచక సర్వనామాలు, ధారణ సంప్రదాయం ఎంతవరకు ఉపకరిస్తాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: చీనా లిపి, స్మృతికథ, ధ్వనిసూచకం, ఛెంగ్‌యూ, లౌకికన్యాయం, ధారణ.

1. ప్రవేశిక

చైనాలో ఇంగ్లీషు మాధ్యమంలో వైద్యవిద్య అభ్యసించే తెలుగు విద్యార్థికి పాఠ్యగ్రంథం ఇంగ్లీషులో ఉంటుంది. ఆసుపత్రి వార్డులోని రోగి మాత్రం తన బాధను చీనా భాషలోనే చెప్పుకుంటాడు. తొలి సంవత్సరాలలో ఈ వ్యత్యాసం అంతగా బాధించదు. వార్డులలో శిక్షణ మొదలయ్యాక కేస్‌షీటు, మందుల చీటీ, గది తలుపు మీది పలక, రోగి బంధువు అడిగే ప్రశ్న, అన్నీ ఆ భాషలోనే ఎదురవుతాయి. హెచ్‌ఎస్‌కె అని పిలిచే చీనా భాషాపరీక్షలో, 2010 నాటి నమూనా ప్రకారం, నాలుగో స్థాయికి 1200 పదాలు రావాలి. పారిశ్రామిక శిక్షణకు వెళ్లేవారికీ ఈ అవసరం ఉంది. తిరుపతిలోని టీసీఎల్ అనుబంధ పరిశ్రమకు ఎంపికైన తెలుగు ఇంజినీర్లు 2020 జనవరిలో కరోనా వ్యాపించే సమయానికి వూహాన్‌లో శిక్షణలో ఉన్న సంగతి పత్రికల ద్వారా అందరికీ తెలిసిందే.

ఇన్ని చిహ్నాలను గుర్తుంచుకోవడానికి పాత దారి ఒక్కటే: గళ్ల కాగితం మీద పదేపదే దిద్దడం. దానికి ప్రత్యామ్నాయంగా ప్రచారంలోకి వచ్చింది స్మృతికథల పద్ధతి. చిహ్నాన్ని భాగాలుగా విడగొట్టి, ఒక్కొక్క భాగానికి ఒక పేరు పెట్టి, ఆ పేర్లన్నీ వచ్చేలా ఒక చిన్న కథ అల్లుకోవడం ఇందులోని ప్రక్రియ. జేమ్స్ హైసిగ్ దీనిని 1977లో జపాన్ భాషలో వాడే చీనా చిహ్నాల కోసం పుస్తకరూపంలో అందించాడు. తరువాత తిమోతీ రిచర్డ్‌సన్‌తో కలిసి చీనా భాషకు కూడా అన్వయించాడు. ఆ గ్రంథం మొదటి భాగంలోనే 1500 చిహ్నాలున్నాయి. అయితే ప్రతి చిహ్నానికీ కీలకపదం ఇంగ్లీషుదే, కథా ఇంగ్లీషుదే. తెలుగు విద్యార్థి ఒక పరాయి భాషను మరో పరాయి భాషలోని కథల ద్వారా గుర్తుంచుకోవలసి వస్తోంది. గుర్తుకు రావలసిన క్షణంలో, అంటే రోగి ఎదుట నిలబడినప్పుడు, ఇది రెట్టింపు శ్రమ.

ఈ వ్యాసంలో చీనా ఉచ్చారణను చూపేటప్పుడు అల్పప్రాణ, మహాప్రాణ భేదాన్ని పాటించాను. రోమన్ లిపిలో బి, డి, జి అక్షరాలతో రాసే చీనా ధ్వనులు నిజానికి మన ప, త, కలకు దగ్గరివి. పి, టి, కె అని రాసేవి మహాప్రాణాలు. ఆ లెక్కన మనం బీజింగ్ అని రాసే నగరం పేరు ‘పెయ్‌చింగ్’ అవుతుంది. ‘ఖర్చు’ను ‘కర్చు’ అనే మన నోటికి ఈ మహాప్రాణాలు ఒక పట్టాన పలకవు. కానీ రాసుకోవడానికి అక్షరాలు మన వర్ణమాలలో సిద్ధంగా ఉన్నాయి. వ్యక్తుల, గ్రంథాల పేర్లను మాత్రం తెలుగులో అలవాటైన రూపాలలోనే ఉంచాను.

2. లిపి నిర్మాణంలో కథకు ఎంత చోటు?

క్రీ.శ. 100 ప్రాంతంలో షు షెన్ కూర్చిన ‘షువోవెన్ జియెజి’ అనే నిఘంటువు 9353 చిహ్నాలను 540 శీర్షభాగాల కింద వర్గీకరించింది. చిహ్నాల నిర్మాణాన్ని అది ఆరు విధాలుగా చెప్పింది. వాటిలో స్మృతికథకు సహజంగా లొంగేవి రెండే: వస్తువు బొమ్మగా పుట్టినవి, రెండు బొమ్మల కలయికతో కొత్త అర్థం చెప్పేవి. ‘విశ్రాంతి’ని తెలిపే ‘షియౌ’ రెండవ రకానికి మంచి ఉదాహరణ. ఎడమవైపు మనిషి, కుడివైపు చెట్టు. తిరువూరు, నూజివీడు ప్రాంతాల మామిడితోటలు ఎరిగిన విద్యార్థికి కథ వెతుక్కోనక్కరలేదు. తోటమాలి మధ్యాహ్నం చెట్టుకు చేరగిలబడి కూర్చున్నాడు, అంతే. ఇక్కడ కథా, చరిత్రా ఒకటే. ఆ చిహ్నం పుట్టుక కూడా అదే.

కాని చీనా చిహ్నాలలో నూటికి ఎనభైకి పైగా మరో రకానివి. వాటిలో ఒక భాగం అర్థం ఏ కోవదో చెబుతుంది, మరొక భాగం ఉచ్చారణను సూచిస్తుంది. ‘ఛింగ్’ అని పలికే ఒక చిహ్నం ఉంది. దానికి లేతపచ్చ, నీలి వర్ణాల అర్థం. దాని పక్కన నీటిగుర్తు చేరిస్తే ‘తేట’, సూర్యుణ్ణి చేరిస్తే ‘ఎండకాసిన ఆకాశం’, హృదయాన్ని చేరిస్తే ‘మనోభావం’, వాక్కును చేరిస్తే ‘దయచేసి’ అనే అభ్యర్థన. ఈ నాలుగూ స్వరస్థాయిలో తేడాతో ‘ఛింగ్’ అనే పలుకుతాయి. కన్ను గుర్తు చేరిస్తే మాత్రం ధ్వని కొద్దిగా మారి ‘చింగ్’ అవుతుంది, కనుపాప అని అర్థం. గుణింతం నేర్చిన పిల్లవాడికి ఈ అమరిక కొత్తది కాదు: ఒక మూలరూపం, దాని చుట్టూ మారే గుర్తు. తేడా ఒకటుంది. మన గుణింతంలో గుర్తు ధ్వనిని మారుస్తుంది, ఇక్కడ గుర్తు అర్థాన్ని మారుస్తుంది.

ఇలాంటి కుటుంబంలోని అయిదు చిహ్నాలకు అయిదు వేరువేరు కథలు అల్లడం వృథాశ్రమ. ఒక ధ్వనిసూచకాన్ని గుర్తిస్తే మొత్తం వరుస పట్టుబడుతుంది. పైగా కథ చిహ్నం రూపాన్ని, అర్థాన్ని ముడివేస్తుంది గాని ఉచ్చారణను సాధారణంగా వదిలేస్తుంది. చిహ్నం చూడగానే అర్థం స్ఫురించి నోట మాట రాని విద్యార్థులు తయారయ్యేది ఇందువల్లే. ధ్వనిసూచకం ఉన్నచోట కథను పక్కన పెట్టాలన్నది నా అభిప్రాయం.

3. కథ చరిత్ర వేషం వేసుకున్నప్పుడు

కథల ద్వారా చిహ్నాలను గుర్తుంచుకోవడం ఆధునికుల కల్పన కాదు. జెసూట్ మతగురువు మత్తెయో రిచ్చి 1596లో నాన్‌చాంగ్‌లో ఉండగా, ప్రభుత్వ పరీక్షలకు సిద్ధమవుతున్న గవర్నరు కుమారుల కోసం, పాశ్చాత్యుల స్మృతికళ గురించి చీనా భాషలోనే ఒక పుస్తకం రాశాడు. ఊహాభవనంలోని గదులలో బొమ్మలను నిలిపి, తరువాత ఆ గదులలో తిరుగుతూ విషయాలను గుర్తుకు తెచ్చుకోవడం ఆ కళలోని కిటుకు. ‘యుద్ధం’ అనే అర్థమున్న ‘వూ’ చిహ్నానికి అతడు నిలిపిన బొమ్మ ఇది: ఒక యోధుడు ఈటె ఎత్తాడు, మరొకడు అతని మణికట్టు పట్టుకుని ఆపుతున్నాడు. ఆ చిహ్నంలో ఒక భాగం ఈటె జాతి ఆయుధం, ఇంకొకటి ‘ఆగు’ అనే చిహ్నం. గవర్నరు పెద్దకొడుకు మాత్రం, ఈ నియమాలు నిజమైనవే గాని వాటిని వాడుకోవడానికి ముందు గొప్ప జ్ఞాపకశక్తి ఉండాలని అన్నాడట. ఆ మాటను తేలికగా తీసిపారేయడానికి లేదు.

రిచ్చి బొమ్మకు వెనుక అంతకంటె పాత కథ ఉంది. క్రీ.పూ. 597 నాటి యుద్ధంలో గెలిచిన ఛూ రాజ్యాధిపతి జువాంగ్ శత్రువుల శవాలతో విజయస్తూపం కట్టడానికి నిరాకరించాడు. ఆయుధాన్ని ఆపడమే యుద్ధవిద్య అని, చిహ్నంలో ఉన్నది అదేనని అతడు చెప్పినట్లు ‘జువోజువాన్’ అనే చరిత్రగ్రంథంలో ఉంది. షు షెన్ నిఘంటువూ దీనినే స్వీకరించింది. ప్రాచీన శాసనలిపిని పరిశీలించిన ఆధునిక పండితులు మరొక సంగతి చూపారు. ‘ఆగు’ అనుకున్న భాగం మొదట పాదం బొమ్మ. ఆయుధం పట్టి నడిచి వెళ్లడం, అంటే దండయాత్ర, ఆ చిహ్నం తొలి భావం కావచ్చు. అర్థం దాదాపు తలకిందులైంది. అయినా రాజు చెప్పిన కథను అబద్ధమని చెరిపేయలేము. రెండువేల అయిదువందల ఏళ్లుగా చీనా విద్యావంతులు యుద్ధాన్ని గురించి ఆలోచించిన తీరుకు అది సాక్ష్యం. చిహ్నం పుట్టుకకు మాత్రం సాక్ష్యం కాదు.

ఇలాంటిది మనకు కొత్త కాదు. అర్జునుడు కృష్ణకు దారి ఇవ్వడానికి కొండకు బెజ్జం చేశాడు కనుక బెజవాడ అయిందని చెప్పుకుంటారు. పేరు గుర్తుండడానికి, ఊరిపై అభిమానం పెరగడానికి ఆ కథ పనికొస్తుంది, శాసనపరిశోధకుడు మాత్రం దానిని వ్యుత్పత్తిగా స్వీకరించడు. అదే ప్రాంతంలో, తిరువూరు దగ్గరి పెనుగొలను పేరులో ‘పెను’, ‘కొలను’ అనే రెండు పదాలు స్పష్టంగా కనిపిస్తాయి. పరుషం సరళంగా మారిందని వ్యాకరణం చెబుతుంది, కథతో పని లేదు. ‘షియౌ’ పెనుగొలను వంటిది, ‘వూ’ బెజవాడ వంటిది. పాఠం చెప్పేవారు ఏది ఏ రకమో ముందే చెప్పాలి.

చెప్పకపోతే ఏమవుతుందో తెలపడానికి ‘ఓడ’ చిహ్నం చాలు. అందులో పడవ, ఎనిమిది, నోరు అనే మూడు భాగాలు కనిపిస్తాయి. ఎనిమిది నోళ్లున్న పడవ అంటే బైబిలులోని నోవహు కుటుంబం ఎక్కిన ఓడే అనీ, ప్రాచీన చీనులకు ఆ గాథ తెలుసుననీ ఒక వాదం పుస్తకాలకెక్కింది. నిజానికి కుడివైపు భాగం ఉచ్చారణ కోసం చేరినది. ‘వెంబడి’, ‘సీసం’ అనే అర్థాలున్న చిహ్నాలలోనూ అదే భాగం ఉంది. సీసంలో ప్రళయం లేదు గదా! జ్ఞాపకానికి పనికొచ్చే కథ చరిత్రకు ప్రమాణమై కూర్చుంటే జరిగే అనర్థం ఇది.

లిపి సంస్కరణ కూడా కథకులను ఇబ్బంది పెట్టింది. ‘వినడం’ అనే చిహ్నం పాత రూపంలో చెవి ఉంది, హృదయం ఉంది. శ్రద్ధగా వినడాన్ని గురించి ఉపన్యాసకులు దానిమీద ఎన్నో మాటలు చెబుతారు. చైనాలో వాడే సరళరూపంలో ఉన్నవి నోరు, గొడ్డలి. పాత కథ పట్టుకుని కొత్త పుస్తకం తెరిచినవాడికి చెవి కనబడదు.

4. వార్డులో ఎదురయ్యే చిహ్నాలు

వైద్యవిద్యార్థికి ముందుగా కావలసిన చిహ్నాలలో కాలేయం, ఊపిరితిత్తి, పేగు, కాలు ఉంటాయి. వీటన్నిటిలో ఎడమవైపు చంద్రుడి చిహ్నం వంటిది కనిపిస్తుంది. కథల పుస్తకాన్ని నమ్ముకున్నవాడు కాలేయంలో చంద్రుణ్ణి కూర్చోబెడతాడు. అది చంద్రుడు కాదు, మాంసం అనే చిహ్నం కాలక్రమంలో అరిగి చంద్రుడి రూపంలో కలిసిపోయింది. ఈ ఒక్క సంగతి తెలిస్తే శరీరనిర్మాణశాస్త్రం సగం తెరుచుకుంటుంది. కాలేయం అంటే మాంసం గుర్తు, పక్కన ‘కాన్’ అనే ధ్వనిసూచకం. వాపు అంటే మాంసం గుర్తు, పక్కన ‘చుంగ్’. ముప్పై కల్పితకథల కంటె ఈ ఒక్క చారిత్రక వాస్తవం ఎక్కువ ఉపకరిస్తుంది.

రోగాల పేర్లకు మరొక గుర్తు ఉంది. మంచం పట్టిన మనిషి బొమ్మ నుంచి వచ్చిందది. దాని ఒడిలో ‘పింగ్’ అనే ధ్వనిసూచకం పెడితే వ్యాధి, ‘చంగ్’ పెడితే రోగలక్షణం. గాలి అనే అర్థమున్న ‘ఫెంగ్’ పెడితే ఉన్మాదం. ఇక్కడ గాలి ఉచ్చారణ కోసమే వచ్చింది. కాని చీనా వైద్యంలో గాలి ఒక రోగకారణం కూడా. మెదడుకు రక్తప్రసారం ఆగి మనిషి పడిపోతే వారు దానిని ‘చుంగ్ ఫెంగ్’ అంటారు, అంటే గాలి తగలడం. ఇంగ్లీషులో చదివే విద్యార్థికి ఈ పదబంధానికి కథ అల్లుకోక తప్పదు. పక్షవాతం అనే మాట తెలిసిన తెలుగువాడికి వాతం ముందే ఉంది. రెండు వైద్యసంప్రదాయాల సిద్ధాంతాలు ఒకటే అనడం లేదు. జ్ఞాపకానికి కావలసిన కొక్కెం మన భాషలో సిద్ధంగా ఉన్నదని మాత్రమే చెబుతున్నాను.

సర్వనామాల విషయంలో ఈ అనుకూలత మరింత స్పష్టం. చీనా భాషలో ‘నీవు’ అనడానికి మాట ‘నీ’. ఇది కేవలం కాకతాళీయం, భాషాబంధుత్వం కాదు. పెద్దలను, రోగులను గౌరవంగా సంబోధించడానికి ‘నిన్’ అనే రూపం ఉంది. రాతలో అది ‘నీ’ చిహ్నం కింద హృదయం చిహ్నం చేర్చిన రూపం. ‘నీవు’ కింద మనసు పెడితే ‘మీరు’ అవుతుందని కథ చెప్పుకోవచ్చు, కల్పన అని తెలిసి చెప్పుకోవాలి. ఇంగ్లీషు వాచకంలో ఈ రెంటికీ ఒకే పదం. ఆ వాచకం ద్వారా నేర్చుకున్న తెలుగు విద్యార్థి, ఇంట్లో తాతయ్యను ఏనాడూ ‘నువ్వు’ అనని కుటుంబం నుంచి వచ్చినవాడైనా, ఎనభై ఏళ్ల రోగిని ‘నీ’ అని పిలుస్తాడు. తన భాషలో ఉన్న వివేకాన్ని మధ్యలో వచ్చిన భాష మింగేసింది.

5. ఛెంగ్‌యూలు, లౌకికన్యాయాలు

ఛెంగ్‌యూ అంటే చాలావరకు నాలుగక్షరాలలో ఘనీభవించిన ప్రాచీనోక్తి. వీటిలో అనేకం ఒక్కొక్క కథకు సంక్షేపాలు. కథ తెలియకపోతే నాలుగక్షరాల అర్థం విడివిడిగా తెలిసినా మొత్తం భావం బోధపడదు. మన లౌకికన్యాయాల స్వభావమూ ఇదే. ‘స్థాలీపులాకన్యాయం’లో కుండ, మెతుకు ఉన్నాయి, ఒక్క మెతుకు పట్టి చూసే ఇల్లాలు మాటలో లేదు. ఆమెను వినేవాడు పూరించుకోవాలి. తెలుగు పాఠకుడికి ఈ పూరణ అలవాటైన పని. అందువల్ల ఛెంగ్‌యూలను సామెతల పక్కన కాక న్యాయాల పక్కన నిలిపి బోధించడం మేలు.

కొన్నిచోట్ల పోలిక నేరుగా కుదురుతుంది. గుడ్డివాళ్లు ఏనుగును తడమడం అనే ఛెంగ్‌యూ మన అంధగజన్యాయమే. బౌద్ధం వెంట భారతదేశం నుంచి వెళ్లినది. చీనా మహాపరినిర్వాణసూత్రంలో ఆ గుడ్డివాళ్లు ఏనుగు చెవిని చేటతో, తొండాన్ని రోకలితో, కాలును రోలుతో, తోకను తాడుతో పోల్చారు. ఇవన్నీ మన వంటింటి వస్తువులే. బావిలో కప్ప ‘జువాంగ్‌జి’లో ఉంది. అక్కడ కప్ప తన బావి వైభవాన్ని తూర్పుసముద్రపు తాబేలుకు వర్ణించి లోపలికి రమ్మంటుంది. ఎడమకాలు పెట్టకముందే తాబేలు కుడిమోకాలు ఇరుక్కుపోతుంది. కూపస్థమండూకం తెలిసినవారికి భావం తెలిసిందే, తాబేలు మాత్రం అదనపు లాభం.

పోలిక కుదిరినట్లే కనిపించి జారిపోయే సందర్భాల మీద ఉపాధ్యాయుడు ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ‘షౌ చూ తాయ్ థూ’ అంటే మొద్దును కాచుకుని కుందేలు కోసం ఎదురుచూడడం. పొలం దున్నుతున్న సుంగ్ రాజ్యపు రైతు ఎదుట ఒక కుందేలు పరుగెత్తుకొచ్చి మొద్దుకు కొట్టుకుని చచ్చింది. నాటి నుంచి అతడు నాగలి వదిలి ఆ మొద్దు పక్కనే కూర్చున్నాడు. వెంటనే మనకు కాకతాళీయన్యాయం తోస్తుంది. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగాయి. కాని మన న్యాయం ఆ యాదృచ్ఛికతకు పేరు పెట్టి ఆగుతుంది. చీనా కథ ఆ యాదృచ్ఛికతను జీవనోపాధి చేసుకున్నవాణ్ణి వెక్కిరిస్తుంది. క్రీ.పూ. 3వ శతాబ్దికి చెందిన హాన్ ఫేయి ‘ఐదు చీడలు’ అనే అధ్యాయంలో ఈ కథ చెప్పింది సోమరుల కోసం కాదు. పూర్వరాజుల విధానాలతో నేటి ప్రజలను పాలించబూనేవారు ఆ రైతులాంటివారని రాజనీతి చెప్పాడు. నేటి వాడుకలో రాజనీతి పోయి, శ్రమ లేకుండా ఫలం కోరడం మిగిలింది. కథ, తొలి ప్రయోగం, నేటి అర్థం అనే మూడు పొరలనూ విడదీసి చూపితేనే విద్యార్థి ఆ నానుడిని సందర్భోచితంగా వాడగలుగుతాడు.

‘గిన్నెలో విల్లు, పాము నీడ’ అనే నానుడి మరొకటి. రెండవ శతాబ్ది రచయిత యింగ్ షావో చెప్పిన కథలో ఒక ఉద్యోగి పై అధికారి ఇచ్చిన మద్యం తాగుతూ గిన్నెలో పామును చూస్తాడు. మర్యాదకు తాగేస్తాడు. ఇంటికి వెళ్లాక రొమ్ములో, కడుపులో నొప్పి, అన్నం సయించదు, ఏ చికిత్సా పనిచేయదు. అధికారి అతణ్ణి మళ్లీ అదే చోట కూర్చోబెట్టి, గోడకు వేలాడే విల్లు నీడే ఆ పాము అని చూపించగా రోగం మాయమవుతుంది. రజ్జుసర్పభ్రాంతి గుర్తుకు రావడం సహజమే. కాని మన తాడు, పాము వేదాంతచర్చలో జగత్తు స్వరూపాన్ని గురించి మాట్లాడతాయి. చీనా గిన్నెలోని పాము మనిషి అనవసరపు అనుమానంతో తెచ్చుకునే బాధను చెబుతుంది. దానిని అద్వైత సందర్భంలో వాడితే చీనా శ్రోతకు అర్థం కాదు. వార్డులో, భయంతోనే రోగం పెంచుకున్న మనిషి విషయంలో, చక్కగా అతుకుతుంది.

6. రాజకీయ అనువాదాల ద్వారా వచ్చినవి

చీనా నానుళ్లు తెలుగుకు పూర్తిగా కొత్తవి కావు. ‘కాగితపు పులి’ అనే మాటను నేడు తెలుగు వార్తాపత్రిక వివరణ లేకుండా వాడుతుంది. 1946లో మావో ఒక అమెరికన్ పాత్రికేయురాలితో మాట్లాడుతూ వాడడంతో ప్రపంచభాషలలోకి వ్యాపించిన మాట అది. ‘నూరు పూలు వికసించనీ’ అన్నదీ 1956 నాటి మావో విధానం ద్వారానే మన వేదికలకెక్కింది. ముసలివాడు కొండలు తొలగించిన కథను మావో 1945 జూన్ 11 నాటి ప్రసంగంలో చెప్పాడు. అది ‘లియెజి’లోని పాత ఛెంగ్‌యూ కథ. ప్రాచీన పాఠంలో, తొంభై ఏళ్లకు చేరువైన వృద్ధుని పట్టుదలకు కరిగిన దేవుడు ఇద్దరు దివ్యులను పంపి కొండలను మోయిస్తాడు. మావో ఆ దేవుని స్థానంలో ప్రజలను నిలిపాడు. చీనా శ్రోతలకు ఆ మార్పు వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే పాత కథ వారికి తెలుసు. అనువాదంలో చదివే మన పాఠకులకు అది మావో కథగానే మిగిలింది.

అనువాదంలో పూర్తిగా మాయమైనదీ ఒకటి ఉంది. మావో 1937లో రాసిన ప్రసిద్ధ వ్యాసం వైరుధ్యాన్ని గురించినది. ఆ వైరుధ్యానికి చీనా మాట ‘మావ్ తున్’, అంటే ఈటె–డాలు. నా ఈటె దేన్నయినా చీలుస్తుంది, నా డాలును ఏదీ చీల్చలేదు అని ఒకే నోట అమ్ముకున్న వ్యాపారిని, నీ ఈటెతో నీ డాలును పొడిస్తే ఏమవుతుందని ఎవరో అడిగిన కథ హాన్ ఫేయిదే. తెలుగులో ‘వైరుధ్యం’ అని చదివినవారికి ఆ సంతవీధి కనబడదు. అనువాదకుల దోషమనలేము. శాస్త్రపరిభాషకు కథ అడ్డు కావచ్చు. కాని భాష నేర్చుకునేవాడికి ఆ రెండక్షరాలు కథతో ఒక్క పూటలో వస్తాయి, కథ లేకుండా మరో రెండు గీతల ముద్దలుగానే ఉంటాయి.

7. ధారణ, ప్రయోగఫలితాలు, నోటుపుస్తకం

కీలకపద పద్ధతి ఎంత పనిచేస్తుందో మనస్తత్వశాస్త్రజ్ఞులు కొలిచారు. అట్కిన్‌సన్, రా 1975లో ప్రచురించిన పరిశోధనలో 120 రష్యన్ పదాలను నేర్చుకున్నవారిలో, ఈ పద్ధతి పాటించినవారు 72 శాతం, పాటించనివారు 46 శాతం గుర్తుంచుకున్నారు. చీనా చిహ్నాలపై వాంగ్, థామస్ 1992లో ప్రకటించిన ఫలితాలు ఇంత ఉత్సాహకరంగా లేవు. వెంటనే పరీక్షిస్తే చిత్రకల్పన మేలనిపించింది, వ్యవధి ఇచ్చి పరీక్షిస్తే ఆ ఆధిక్యం నిలవలేదు. కథ తలుపు తెరుస్తుంది, తరువాత ఆవృత్తి లేకపోతే ఆ తలుపు మూసుకుంటుంది.

ఈ ఆవృత్తి విలువ మన సంప్రదాయానికి ముందునుంచీ తెలుసు. ఏడవ శతాబ్దిలో భారతదేశానికి వచ్చిన చీనా భిక్షువు ఇత్సింగ్ ఇక్కడివారి ధారణాశక్తిని చూసి ఆశ్చర్యపోయి, అలాంటివారిని స్వయంగా కలిశానని రాశాడు. శాతవాహన రాజుకు ఆచార్య నాగార్జునుడు రాసిన ‘సుహృల్లేఖ’ను విద్యార్థులు చదువు తొలిదశలోనే కంఠస్థం చేస్తారని చెప్పి, దానిని తానే చీనా భాషలోకి అనువదించాడు. అవధాని ధారణకు ఛందస్సు ఊతం. ‘యమాతారాజభానసలగం’ అనే అర్థరహితమైన మాట ఎనిమిది గణాలను మోస్తుంది. దానిని ఎవరూ చరిత్ర అనుకోరు, పని అయ్యాక మరచిపోయినా నష్టం లేదు. చిహ్నాల కథలను కూడా ఈ దృష్టితోనే చూడాలి.

ఆచరణలో, విద్యార్థి నోటుపుస్తకంలో ప్రతి చిహ్నం పక్కన మొదట ధ్వనిసూచకం ఏదో రాసుకోవాలి. అది ఉంటే అదే కుటుంబంలోని మిగిలిన చిహ్నాలను అక్కడే చేర్చాలి. లేకపోతేనే కథ, అదీ తెలుగులో, తనకు తెలిసిన తోట, ఇల్లు, బజారు నుంచి. కథ పక్కన ‘చరిత్ర’ అనో ‘కల్పన’ అనో ఒక్క మాట గుర్తుపెట్టాలి. ఉదాహరణకు ‘ఇల్లు’ చిహ్నంలో కప్పు కింద పంది ఉంది. ఇంటి కింద పందిని కట్టేసుకునేవారన్నది అందరూ చెప్పే కథ. షు షెన్ మాత్రం ఆ పందిని ‘మగపంది’ అనే మరో చిహ్నానికి కుదింపుగా, ఉచ్చారణ కోసం వచ్చినదిగా భావించాడు. అలాంటిచోట నోటుపుస్తకంలో రెండూ రాసి, పక్కన ‘వివాదాస్పదం’ అని రాసుకోవాలి. ఛెంగ్‌యూలకు వేరే పుస్తకం ఉండాలి. అందులో కథ, అది ఉన్న గ్రంథం, నేటి అర్థం, దానికి దగ్గరగా వచ్చే తెలుగు న్యాయం, అది ఎక్కడ విడిపోతుందో ఒక వాక్యం. ‘షౌ చూ తాయ్ థూ’ ఎదుట ఆ చివరి గడిలో రాయవలసింది ఇంతే: కాకిది తప్పు లేదు, రైతుది ఉంది.